వారం లెక్క ఎవరు రాసినారు?



సమాఖ్య వార్షికోత్సవ సంచికకు మన చరిత్ర గురించి ఏదైనా రాయమని పెద్దలు అడిగినారు. చౌడమ్మ తల్లి కథ, మార్కండేయుల వారి కథ మాకన్నా బాగా చెప్పేవాళ్లు మనలో ఉన్నారు. మేము సంఘం బల్ల దగ్గర కూర్చుని రిజిస్టర్లు రాసినవాళ్లం. సర్కారు ఆర్డరు తీసుకున్నాక పని ఎంతవరకు వచ్చింది అని వారం వారం పైకి లెక్క పంపాల కదా, ఆ లెక్క చరిత్రే మాకు తెలిసిన చరిత్ర. దాని వల్ల కొన్ని ఇళ్లలో పొయ్యి వెలిగింది, కొన్ని ఇళ్లలో ఆరింది. అందుకే రాస్తా ఉన్నాము.

మనవాళ్లు ఈ దేశానికి ఎప్పుడు వచ్చినారు అంటే ఒక్క మాటలో చెప్పలేము. 1529 ప్రాంతంలో విశ్వనాథ నాయకుడు మధురలో కూర్చున్నాక తెలుగువాళ్ల రాక ఎక్కువయింది. సైన్యం వెంట రైతులు, రైతుల వెంట నేతగాళ్లు. కోయంబత్తూరులో, మధుర చుట్టుపక్కల వీధులకు వీధులే మగ్గాల చప్పుడుతో నిండినాయి. మనలో తెలుగు మాట్లాడేవాళ్లు, కన్నడం మాట్లాడేవాళ్లు ఉన్నారు, మధురలో పక్క వీధి సౌరాష్ట్రులు. భాష వేరయినా గుంట మగ్గం ఒకటే. ఆ కాలంలో గుడ్డ కొనేది ఊరి షావుకారు, కట్టేది ఊరివాళ్లు. ఎంత నేసినావు అని అడగడానికి షావుకారు గుమ్మంలోకి వచ్చి నిలబడితే సరిపోయేది.

కాగితం వచ్చింది కంపెనీతో. 1792లో సేలం, దిండిగల్లు సీమలు, 1799లో టిప్పు సుల్తాను పోయినాక కోయంబత్తూరు, 1801లో మధుర కంపెనీ చేతికి పోయినాయి. సేలంలో కమర్షియల్ రెసిడెంటు అని ఒక దొర ఉండేవాడు. లండన్‌కు పంపే గుడ్డ కొనడం ఆయన పని. 1800లో ఫ్రాన్సిస్ బుకానన్ అనే ఇంకొక దొర కోయంబత్తూరు సీమ అంతా తిరిగి నేతగాళ్ల సంగతి కూడా రాసుకున్నాడు. ఆ పుస్తకం 1807లో లండన్‌లో అచ్చయింది.

కంపెనీ ఆర్డరు నడిచిన పద్ధతి చూస్తే ఇప్పటి ఆర్డరుకు తాత అనిపిస్తుంది. ముందు అడ్వాన్సు ఇస్తారు. ఇంత పొడుగు, ఇంత పన్నా, ఇన్ని పోగులు అని మాదిరి గుడ్డ చూపిస్తారు. గడువు పెడతారు. గుమాస్తా మగ్గం మగ్గం తిరిగి ఎవరిది ఎంత నేత అయింది అని రాసి పైకి పంపాల. గడువు లోపల గుడ్డ రాకపోతే బంట్రోతును తెచ్చి నేతగాడి ఇంటి ముందు కూర్చోబెట్టేవాళ్లు, వాడి బత్తెం కూడా నేతగాడి లెక్కలోనే వేసేవాళ్లు. గుడ్డ పోయినాక నాణ్యం చూసి తరగతులు కట్టేది కంపెనీ, ధర వేసేది కంపెనీ. రెండో రకం అని తోసేస్తే అడ్వాన్సు బాకీగా మిగిలిపోయేది. బాకీ తీరేదాకా ఇంకొకరికి నెయ్యకూడదు.

ఇందులో మాకు పట్టుకున్న సంగతి ఒకటుంది. పని ఎంతవరకు వచ్చింది అన్న లెక్క అప్పుడూ ఉండింది, రాసింది మాత్రం గుమాస్తా. నూలు ధర పెరిగిందనో, ఇంట్లో జ్వరాలనో నేతగాడు చెప్పుకుంటే అది ఆ లెక్కలోకి ఎక్కిందో లేదో అతనికి తెలియదు. అతని చేతిలో నకలు కాగితం లేదు. 1833 చట్టంతో కంపెనీ వ్యాపారమే మూతపడింది, రెసిడెంట్లు పోయినారు. అటు తర్వాత ఇంగ్లండు గుడ్డ, ఆ పైన మిల్లులు. కోయంబత్తూరులో 1888లో స్టేన్స్ మిల్లు వచ్చింది. ఆ కష్టాలు అందరికీ తెలిసినవే, మళ్లీ చెప్పము.

కలం మన చేతికి వచ్చింది సహకార సంఘాలతో. 1904 చట్టం అప్పుల సంఘాలకే, 1912 చట్టంతోనే నేత సంఘాలకు కూడా దారి దొరికింది. 1935లో మద్రాసులో రాష్ట్ర సంఘం పుట్టింది, ఇప్పుడు మనం కో-ఆప్టెక్స్ అంటా ఉన్నది అదే. కానీ ఇంటింటికీ సంఘం తెలిసింది యుద్ధకాలపు కంట్రోలులో. 1943 నుంచి నూలు కంట్రోలు. సంఘంలో మగ్గం పేరు ఉంటేనే నూలు. లేని మగ్గాలకు పేర్లు రాసి నూలు బ్లాకులో అమ్ముకున్నవాళ్లు ఉండినారని మా పెద్దలు చెప్పేవాళ్లు. కలం మన చేతికి వచ్చినంత మాత్రాన నిజం వచ్చేసినట్టు కాదు అని అప్పుడే తెలిసిపోయింది.

1976లో జనతా బట్ట పథకం వచ్చింది. పని లేని మగ్గాలకు పని, బీదలకు చవక పంచె, చవక చీర. మంచి ఆలోచనే. దానితో వారం లెక్క పెద్దదయింది. నూలు ఇచ్చేది కిలోలలో, మేము నేసేది పీసులలో, సబ్సిడీ వచ్చేది చదరపు మీటర్లలో! మూడూ ఒక కాగితం మీద సరిపోవాల. 40 కౌంటు అంటే ఒక పౌను నూలులో 840 గజాల చిలపలు 40. ఈ లెక్క నేతగాడికి చేతివేళ్ల మీద ఉంటుంది, చదరపు మీటరు మాత్రం నోరు తిరగదు. పైగా గంజి పెట్టిన పడుగు బరువు తూగుతుంది, తడి నూలు బరువు తూగుతుంది, తెగిన పోగులు వేస్టుగా పోతాయి. తూకం తేడా వస్తే నూలు దాచుకున్నారు అనే మాట.

వాన సంగతి కూడా చెప్పాల. మన వైపు వాన ఐప్పసి, కార్తీక మాసాల్లో. పడుగు వీధిలో సాగదీసి గంజి పట్టించాలంటే పొద్దున ఎండ కావాల. వారం రోజులు ముసురు పడితే వీధిలో పడుగు లేదు, పడుగు లేకుంటే మగ్గం లేదు. రిపోర్టు ఫారంలో నూలుకు గడి ఉంది, మగ్గానికి గడి ఉంది, వానకు గడి లేదు.

1983లో ఎం.జి.రామచంద్రన్ ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు పొంగల్‌కు బీదలకు ఉచిత చీర, పంచె పథకం మొదలయింది. ఈ మధ్య సంవత్సరాల్లో ఒకటిన్నర కోటికి పైగా చీరలు, అంతే పంచెలు పంచుతా వచ్చినారు. అందులో ఎక్కువ భాగం మరమగ్గాల సంఘాలది, చేతిమగ్గాలకూ పెడల్ మగ్గాలకూ కొంత వాటా. బడి పిల్లల యూనిఫారం బట్ట కూడా సంఘాలకే వచ్చింది. ఈ ఆర్డర్లు లేకుంటే మన వీధుల్లో చాలా మగ్గాలు ఎప్పుడో కట్టెలపొయ్యిలోకి పోయేవి, ఆ మాట ఒప్పుకోవాల. కానీ పొంగల్ జనవరి నడుమ వస్తుంది, ఎవరి కోసమూ ఆగదు. రేషన్ షాపు ముందు వరుసలో నిలబడే ముసలమ్మకు మన నూలు కథ అక్కరలేదు.

ఒక ఏడు జరిగింది చెప్తాము, ఏ ఏడు, ఏ ఆఫీసు అనేది వద్దు. నూలు అయిదు వారాలు ఆలస్యంగా వచ్చింది. వారం లెక్క అడిగినారు. నడిచే మగ్గాలు ఇరవైరెండు. పైనుంచి ఫోను వచ్చింది: "రేపు మీటింగు ఉంది, సున్నా చూపిస్తే నాకు మాట వస్తుంది, మగ్గాలన్నీ నడుస్తా ఉన్నాయని రాయండి, తర్వాత సరిచేసుకోవచ్చు." మేము అరవై అని రాసినాము. మరుసటి వారం దానికి తగ్గట్టు పీసులు కూడా రాయవలసి వచ్చింది. అబద్ధానికి వారం వారం దాణా వేయాల్సిందే. మార్గళిలో తనిఖీకి వచ్చినారు. కాగితం మీద ఉన్న పంచెలు గోడౌనులో లేవు. నూలు ఎక్కడ అమ్మినారు అని అడిగినారు. మేము ఒక్క చిలప కూడా అమ్మలేదు, నెయ్యని పంచెలను నేసినట్టు రాసినాము అంతే. స్టాకు తేలేదాకా కూలి ఆపేసినారు. ఆ పొంగల్‌కు ఊరంతా సర్కారు పంచెలు కట్టుకుంది, నేసినవాళ్లకు కూలి లేదు. ఒక అక్క సంఘం గడప దగ్గర నిలబడి అడిగింది: "సెక్రెటరన్నా, నూలు లేని మగ్గం నడిచిందని రాసేటప్పుడు నా పేరే దొరికిందా నీకు?" మేము ఏమి చెప్తాము? ఫోను చేసినాయన బదిలీ అయి పోయినాడు, సంతకం మాది.

ఆ తర్వాత పద్ధతి మార్చినాము. నూలు మూట దిగిన రోజు, ఎన్ని కిలోలు, మగ్గానికి ఇచ్చిన రోజు, ఈ మూడూ లేకుండా రిపోర్టు పోదు. నడవని మగ్గానికి ఎదురుగా కారణం రాస్తాము: నూలు రాలేదు, వాన, ప్రసవం, పెళ్లి. రెండు నకళ్లు, ఒక దాని మీద ఆఫీసు ముద్ర వేయించి ఇంటికి తెచ్చుకోవాల. రిపోర్టు తమిళంలో పోతుంది, పక్కన మేము గుర్తుకు రాసుకునేది తెలుగులో. రెండేళ్లకు మళ్లీ నూలు ఆలస్యం. మూడు వారాలు వరుసగా "నూలు రాలేదు, మగ్గాలు ఖాళీ" అని పంపినాము. తిట్లు తిన్నాము. గడువు దాటినందుకు కోత వేస్తాము అని నోటీసు వచ్చినప్పుడు ముద్ర వేసిన ఆ మూడు కాగితాలు బల్ల మీద పెట్టినాము. కోత పోయింది. కూలి పొంగల్‌కు ముందే పడింది.

తెలంగాణలో 2017లో బతుకమ్మ చీరల ఆర్డరు సిరిసిల్ల మరమగ్గాలకు ఇచ్చినారు. పండుగ తేదీ దగ్గరపడింది, అన్ని చీరలు అక్కడ నెయ్యడానికి టైము చాలలేదు, మిగిలినవి సూరత్ నుంచి తెప్పించినారు. కొన్ని ఊళ్లలో ఆడవాళ్లు చీరలు బాగలేవని తగలబెట్టినారు, మాట పడింది సిరిసిల్ల పేరు. ఆ వార్త చూసినప్పుడు మాకు మా పొంగల్ జ్ఞాపకం వచ్చింది. పండుగకు ఎన్ని నెలల ముందు నూలు మగ్గం ఎక్కాల అనేది మగ్గం మీద కూర్చున్నవాడికి తెలుసు. ఆ మాట కాగితం మీద తేదీతో సహా పైకి పోవాల.

ఇప్పుడు రిపోర్టు ఫోనులో పోతా ఉంది, మగ్గం ఫోటో తీసి పంపమంటారు. ఫోటోలో మగ్గం ఉంటుంది, దాని మీద పడుగు ఎప్పుడు ఎక్కింది అనేది ఉండదు. మా తర్వాత ఈ కుర్చీలో కూర్చునే పిల్లలకు రిజిస్టరు కూడా రాయమని చెప్తా ఉన్నాము. కొందరు వింటారు, కొందరు నవ్వుతారు.

మా సంఘం బీరువాలో జనతా బట్ట కాలం నుంచి వచ్చిన మగ్గాల రిజిస్టర్లు ఉన్నాయి. కంట్రోలు కాలంవి చెదలు తినేసినాయి. ఉన్నవాటికి పేజీ పేజీ ఫోటోలు తీయిస్తా ఉన్నాము. మీ ఊరి సంఘంలో, మీ తాతల పెట్టెలో అటువంటి పుస్తకం, నూలు కార్డు, పాత ముద్ర కాగితం ఏది ఉన్నా పారేయకండి, సమాఖ్య ఆఫీసుకు ఒక మాట చెప్పండి. మేమే వచ్చి ఫోటో తీసుకుని, పుస్తకం మీ చేతికే ఇచ్చి వస్తాము.