బీమా సొమ్ము చేరు దారి

తాండూరు నాపరాళ్ళకు, కందిపప్పునకు పేరుపడిన ఊరు. అక్కడి గనులనుండి రాతిపలకలు నింపుకొని బయలుదేరు లారీకి బీమా ఉండితీరవలెను. దారిలో ఇతరులకు కలుగు నష్టమునకై వాహనమునకు బీమా చేయించవలెనని 1939 నాటి మోటారు వాహనముల చట్టమే విధించినది. ఇప్పటి 1988 చట్టమును ఆ మాటనే చెప్పుచున్నది. పూర్వము లారీ యజమాని ఏజెంటునకు సొమ్మిచ్చి రసీదు పుచ్చుకొనెడివాడు. నేడు వికారాబాదు స్టేషనులో రైలుకొఱకు కూర్చుండియే సెల్‌ఫోనుమీద చెల్లించుచున్నాడు. సొమ్ము మన చేయి దాటినంతమాత్రమున బీమా వచ్చినట్లేనా?

కాదు. 1938 నాటి ఇన్సూరెన్సు చట్టమునకు 1968లో 64-వి.బి. అను సెక్షనును చేర్చిరి. ప్రీమియము ముందుగా కంపెనీకి ముట్టనిదే ప్రమాదభారము కంపెనీపై పడదని దాని సారాంశము. అయితే సొమ్ము మనియార్డరు రూపమున దారిలో ఉండగా ప్రమాదము జరిగినచో ఏమి గతి? వాడీనుండి సికిందరాబాదునకు 1874లో వేసిన రైలుమార్గము తాండూరు, వికారాబాదుల మీదుగనే పోవును. కాని రైలున్నను టపా చేరుటకు దినములు పట్టును. అందుచేత మనియార్డరు కట్టిన తేదీనుండియే బీమా అమలగుటకు ఆ సెక్షను వీలు కల్పించినది. ఏజెంటు వసూలు చేసిన ప్రీమియమును, సెలవుదినములు పోను, 24 గంటలలో కంపెనీకి జమకట్టవలెనని కూడ నిర్ణయించినది. శాసనకర్తలకు మనుష్యస్వభావము బాగుగ తెలియును! చెక్కు సంగతి వేఱు. బ్యాంకు దానిని త్రిప్పి పంపినచో, ఆ పాలసీదారునకు పరిహార మీయ కంపెనీ బద్ధురాలు కాదని 2001లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది.

నేడు సొమ్ము క్షణములలో చేరును. కాని ఎవరికి చేరినది? కంపెనీ పేరుతో మోసగాడు పంపిన లింకును నమ్మి చెల్లించినవాడు రెండు విధముల నష్టపోవును. సొమ్ము పోవును; కంపెనీకి పైకము ముట్టలేదు కనుక బీమాయు ఉండదు. చేతిలోని నకిలీ పాలసీ కాగితము, లారీ ఎవరినైన గ్రుద్దిన నాటివఱకు నిజమైనదానివలెనే కనబడును.

ఇంటర్నెట్టులో కార్డుతో చెల్లించువారు అదనముగ మఱొక రహస్యసంకేతమును గూడ ఇచ్చుటను 2009లో రిజర్వు బ్యాంకు తప్పనిసరి చేసినది. దొంగిలించిన కార్డు సంఖ్య ఒక్కటే దొంగకు చాలదు. ఐనను యజమానియే మోసగానికి తన చేతులార చెల్లించినపుడు ఈ తాళము పనికిరాదు. కావున చెల్లించుటకు ముందు తెరపై కనబడు గ్రహీత పేరును చూడవలెను. అది వ్యక్తి పేరైనచో ఆగుట మేలు. యు.పి.ఐ. పిన్ను సొమ్ము పంపుటకే గాని, పుచ్చుకొనుటకు అక్కరలేదు.

ఈ రక్షణలలో కొన్నింటికి హైదరాబాదే కేంద్రము. బీమా నియంత్రణ సంస్థ ప్రధాన కార్యాలయము 2001నుండి అక్కడనే ఉన్నది. ఆ సంస్థ పాలసీలను అమ్మదు, బోనసులను పంచదు. దాని పేరుతో ఎవరైన ఫోను చేసినచో అది మోసమే. రిజర్వు బ్యాంకు 1996లో ఆ నగరముననే నెలకొల్పిన ఐ.డి.ఆర్.బి.టి. నేడు బ్యాంకులకు మాత్రమే ‘బ్యాంక్.ఇన్’ అను చిరునామాల నిచ్చుచున్నది. బీమా కంపెనీల కిది వర్తించదు గనుక వాటి చిరునామాను మనమే స్వయముగ టైపు చేసికొనుట మంచిది.

2025 మార్చి 1నుండి జీవిత, ఆరోగ్య బీమాలకు ‘బీమా-అస్బా’ అను పద్ధతి వచ్చినది. ఇందు ప్రీమియము మొత్తము మన ఖాతాలోనే 14 దినములవఱకు నిలిపియుంచబడును. కంపెనీ దరఖాస్తును అంగీకరించినపుడే కదలును. మనియార్డరు కాలమున దారిలో ఉన్న సొమ్మునకు చట్టము రక్షణ కల్పింపవలసివచ్చినది. ఇపుడు సొమ్మును దారికే ఎక్కనీయకున్నారు.

లారీల బీమా కీ సౌకర్యము లేదు. పాలసీ వివరములు రవాణా శాఖ వారి ‘వాహన్’ పట్టికకు ఎక్కును. బండి సంఖ్యనుబట్టి అందు చూచుకొనవచ్చును. అక్కడ కానరానిచో వెంటనే కంపెనీని అడుగవలెను. మోసమని తేలినచో 1930 సంఖ్యకు ఫోను చేయవలెను. సొమ్ము ఇంకను ఏదో ఒక బ్యాంకు ఖాతాలో ఉన్నంతవఱకే దానిని పట్టి నిలుపుటకు వీలుండును.