టోప్లీ పుట్టుపూర్వోత్తరములు

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ పట్టణముల చుట్టునున్న తండాలలో వృద్ధస్త్రీల చెంపలపై ముంగురులకు ముడివడి వ్రేలాడు వెండి టోప్లీలును, వానితో గలగలలాడు గూగ్రీలును కేవలాలంకారములు కావు; లంబాడీ ఆచారమున నవి ముత్తైదువ చిహ్నములు. 2016లో నల్గొండ జిల్లా చీలి మొదటి రెండు పట్టణములొకవైపునకును, మిర్యాలగూడ నల్గొండవైపునకును పోయినను, ఈ నగల కా సరిహద్దు పట్టలేదు.

ఎద్దులపై ఉప్పును, ధాన్యమును మోసికొని, 17వ శతాబ్దమున మొగలాయి సేనలకు దినుసులందించుచు దక్కనుకు దిగివచ్చిన బంజారాలు, అనగా ఈ లంబాడీల పూర్వులు, స్థిరనివాసము లేని సంచారులగుటచే, ఆర్జించిన ద్రవ్యమునకు స్త్రీల దేహమే కోశాగారమయ్యెను. ఆ ద్రవ్యము వెండి రూపాయి. బ్రిటిషు రూపాయి 11.66 గ్రాముల తూకమున, 12 పాళ్లలో 11 పాళ్లు వెండి కలదై, నాణెముగా నున్నను నగగా మారినను విలువ చెడనిదగుటచే, దానిని మూసలో కరగించి, దాగలిపై సాగగొట్టి, కమ్మచ్చు కన్నములగుండ తీగ లాగి, వెలిగారముతో నతికించుట ఊరి అవుసలికి నిత్యకృత్యమయ్యెను. 1940లో రూపాయిలోని వెండి సగమునకు దిగెను. 1947లో నికెల్ రూపాయి వచ్చెను. నాణెమునకును నగకును బంధుత్వము తెగెను.

అమెరికా ఆదివాసులైన నవాహోల కథయు నిట్టిదే. 19వ శతాబ్ది నడుమ అట్సిడీ సానీ యనునతడు మెక్సికో లోహకారునియొద్ద పని నేర్వగా, ఆ జాతివారు డాలర్లను, పెసోలను కరగించి నగలు చేసిరి. వారి హారములందలి అర్ధచంద్రాకృతి స్పెయినువారి గుర్రపు కళ్లెమునుండి వచ్చినది. తరువాత ఆ జాతివాడే యగు కెన్నెత్ బెగే (1913–1977) పాత పనికి నవీనమైన సారళ్యము కూర్చెను. అయితే అచట ధరించు జాతియే చేయు జాతి. ఇచట రూపము లంబాడీ స్త్రీ జ్ఞాపకమునను, నేర్పు అవుసలి చేతిలోను వేర్వేరుగా నుండుటచే, ఒకటి తప్పిన రెండవది నిలువదు.

నేడు జర్మన్ వెండి వచ్చినది. పేరు వెండియే గాని, అందున్నవి రాగి, తుత్తునాగము, నికెల్ మాత్రమే. దంతపు బలియా గాజుల స్థానమును ప్లాస్టిక్ ఆక్రమించినది. గూగ్రీ తీరును చెవి జుమికీకి దింపి యువతులు ధరించుటను కొందరు పెద్దలు నిందింతురు, నేను నిందింపను. పరదేశపు నాణెమునే తమదిగా జేసికొన్నవారికి క్రొత్త లోహము తప్పెట్లగును? నా విచారమంతయు తూకమునకమ్ముడై మూసలో పడుచున్న పాత టోప్లీలను గూర్చియే. అమ్మక తప్పనిచో, ఓ తండావాసులారా, ముందుగా ముందువెనుకల ఛాయాచిత్రము తీయించి, తూకమును, ధరించిన అవ్వ పేరును వ్రాసి యుంచుడు.