ఎమ్మెస్కే ప్రసాద్: ఎంపిక, వ్యాఖ్యానం

మన్నవ శ్రీకాంత్ ప్రసాద్ (జననం: 1975 ఏప్రిల్ 24, గుంటూరు) భారత జట్టు మాజీ వికెట్‌కీపర్, జాతీయ సెలక్షన్ కమిటీ మాజీ ఛైర్మన్, తెలుగు క్రికెట్ వ్యాఖ్యాత. ఎమ్మెస్కే ప్రసాద్‌గా ప్రసిద్ధులు. దేశం తరఫున ఆడింది తక్కువే. నయన్ మోంగియా తర్వాత కీపర్ ఎవరన్న వెతుకులాట సాగుతున్న రోజుల్లో అవకాశం వచ్చింది కానీ, 6 టెస్టులు, 17 వన్డేలతో 2000 నాటికే అది ముగిసింది. ఆంధ్ర జట్టుకు మాత్రం చాలాకాలం ఆడారు. ఆయన అసలు పని మైదానం వదిలాకే మొదలైంది.

ఆంధ్ర క్రికెట్ సంఘంలో క్రికెట్ కార్యకలాపాల డైరెక్టర్‌గా జిల్లాల పిల్లలకు శిక్షణ వసతులు పెంచే బాధ్యత చూశారు. 2015లో జాతీయ సెలక్టర్ అయ్యారు. 2016 సెప్టెంబరులో సందీప్ పాటిల్ స్థానంలో ఛైర్మన్ పదవి చేపట్టారు. అప్పుడు మొదలైన విమర్శ చివరిదాకా వెంటాడింది: కమిటీలోని ఐదుగురూ కలిపి ఆడిన టెస్టులు 13 మాత్రమేనని, ఇంత తక్కువ అనుభవంతో కోహ్లి, ధోనీల గురించి ఏం నిర్ణయిస్తారని. ఈ కొలత సరైనది కాదు. కుర్రాడిలో ఆటను పసిగట్టే చూపు వేరు, సొంత ఖాతాలోని పరుగులు వేరు. బుమ్రాను 2018 జనవరిలో కేప్‌టౌన్‌లో టెస్టు బరిలోకి దింపింది ఈ కమిటీ ఎంపిక చేసిన జట్టే. హైదరాబాద్ ఆటోడ్రైవర్ కొడుకు మహమ్మద్ సిరాజ్ 2016–17 రంజీలో 41 వికెట్లు తీస్తే, మరుసటి ఏడాదే టీ20 జట్టులోకి పిలిచిందీ ఈ కమిటీయే. ఈ కమిటీ హయాంలోనే 2018–19లో ఆస్ట్రేలియా గడ్డపై భారత్ తొలిసారి టెస్టు సిరీస్ గెలిచింది.

మాయని మచ్చగా మిగిలింది 2019 ప్రపంచకప్ ఎంపిక. నాలుగో స్థానానికి అందరూ అనుకున్న అంబటి రాయుడిని పక్కనపెట్టి విజయ్ శంకర్‌ను తీసుకున్నారు. బ్యాటింగ్, బౌలింగ్, ఫీల్డింగ్ మూడు విధాలా (త్రీ డైమెన్షన్స్) పనికొస్తాడన్నది ప్రసాద్ చెప్పిన కారణం. మర్నాడే రాయుడు త్రీడీ కళ్లద్దాలు ఆర్డర్ చేశానంటూ ట్వీట్ చేశారు. శంకర్ గాయపడినప్పుడు కూడా పిలుపు మయాంక్ అగర్వాల్‌కు వెళ్లింది, రాయుడు రిటైర్మెంట్ ప్రకటించేశారు. 55 వన్డేల్లో 47 సగటు ఉన్న ఆటగాడికి ఇది అన్యాయమే. ప్రసాద్, రాయుడు ఇద్దరూ గుంటూరువాళ్లే కావడం తెలుగు అభిమానులను మరింత బాధపెట్టింది. 2020 మార్చిలో సునీల్ జోషి ఛైర్మన్ కావడంతో ప్రసాద్ పదవీకాలం పూర్తయింది.

తర్వాతి మజిలీ వ్యాఖ్యానం. 2018 డిసెంబరులో స్టార్ స్పోర్ట్స్ తెలుగు ఛానల్ మొదలయ్యాక మాజీ ఆటగాళ్లకు కొత్త ఉపాధి దొరికింది. వేణుగోపాలరావు లాంటివారితో పాటు ప్రసాద్ కూడా ఐపీఎల్ మ్యాచ్‌లకు తెలుగులో మాట్లాడుతూ ఇంటింటికీ పరిచయమయ్యారు. కీపర్‌గా ఆడినవారు కావడం ఇక్కడ కలిసొస్తుంది, ఫీల్డర్లను ఎందుకు జరిపారో, బంతి ఎటు తిరగబోతోందో వికెట్ల వెనక నిలబడి చూసినవారికి తెలిసినంతగా ఇంకెవరికి తెలుస్తుంది?

2023 ఆగస్టులో లక్నో సూపర్ జెయింట్స్ ఆయన్ను వ్యూహాత్మక సలహాదారుగా నియమించుకుంది. కొత్త ప్రతిభను వెతకడమూ ఈ బాధ్యతలో భాగమే. ఇలా వెతికే స్కౌట్లను యూరప్ ఫుట్‌బాల్ క్లబ్బులు జీతమిచ్చి ఊరూరా తిప్పడం పాత అలవాటు. మన క్రికెట్‌లో ఆ ఉద్యోగాలు పెరిగింది 2008లో ఐపీఎల్ వచ్చాకే. బుమ్రానే తీసుకుంటే, 2013లో అహ్మదాబాద్‌లో ఓ ముస్తాక్ అలీ టీ20 మ్యాచ్ చూస్తూ అతణ్ని ముంబయి ఇండియన్స్ కోసం గుర్తించింది భారత జట్టు మాజీ కోచ్ జాన్ రైట్.

ఉత్తర తెలంగాణకు ఇలా ప్రతిభను వెతికే చూపు ఎంతో అవసరం. ఆదిలాబాద్ నుంచి హైదరాబాద్‌లోని ఉప్పల్ స్టేడియానికి దాదాపు 300 కిలోమీటర్లు. అంతదూరం వచ్చి సెలక్షన్లలో ఆడే స్తోమత ఎందరి ఇళ్లలో ఉంటుంది? వెతికేవాళ్లే అక్కడికి వెళ్లాలి. అక్కడ ప్రతిభ ఉందనడానికి ఓ ఉదాహరణ: పాత కరీంనగర్ జిల్లాలోని ముస్తాబాద్ మండలం పోత్గల్‌కు చెందిన అరవెల్లి అవనీశ్‌రావును 2023 డిసెంబరు వేలంలో చెన్నై సూపర్ కింగ్స్ 20 లక్షల రూపాయలకు తీసుకుంది. మరుసటి నెలలో దక్షిణాఫ్రికాలో మొదలైన అండర్–19 ప్రపంచకప్‌లో అతడు భారత జట్టు వికెట్‌కీపర్.