పిల్లల్ని చంకనేసుకుని ఓడెక్కినవాళ్లు

కాకినాడకు కాస్త దక్షిణాన, గోదావరి పాయ సముద్రంలో కలిసే చోట ఉంది కోరంగి. ఇవాళ ఆ పేరు చెబితే మడ అడవులు, వాటి మధ్య వేసిన చెక్క బాట, పడవ షికారు గుర్తొస్తాయి. రెండు వందల ఏళ్ల కిందట అది ఓడలు కట్టే ఊరు. దానిమీద 1789లో ఒకసారి, 1839 నవంబరులో మరోసారి ఉప్పెన విరుచుకుపడింది. రెండో దెబ్బ తర్వాత రేవు మునుపటి వైభవానికి రాలేదు. ఊరి పేరు మాత్రం హిందూ మహాసముద్రం దాటి ఇంకో నేల మీద బతికింది. మారిషస్ దీవిలో తెలుగువాళ్లను చాలాకాలం ‘కోరంగివాళ్లు’ అనే పిలిచారు. 1843లో ‘కోరింగా ప్యాకెట్’ అనే ఓడ దిగిన పూర్వీకుల గురించి అక్కడి తెలుగు కుటుంబాలు ఇప్పటికీ చెప్పుకుంటాయి.

కూలీలుగా మారిషస్‌కు సాగిన ఈ వలసను మనం సాధారణంగా మగవాళ్ల కథగా చదువుతాం. చెరకు, కొరడా, కూలి, ఒప్పందం అనే నాలుగు మాటల్లో అది ముగిసిపోతుంది. ఒట్టి మగవాళ్లే వెళ్లి ఉంటే, ఒప్పందం గడువు తీరాక చాలామంది తిరుగు ఓడ పట్టుకునేవారు. ఆ దీవి తెలుగువాళ్లకు ఇల్లయిందంటే దానికి కారణం తల్లులూ, వాళ్ల కొంగు పట్టుకుని వెళ్లిన పిల్లలూ, అక్కడే పుట్టిన పిల్లలూ.

మారిషస్‌ను 1810లో ఇంగ్లీషువాళ్లు ఫ్రెంచివాళ్ల దగ్గర గెలుచుకున్నారు. దీవంతా చెరకు. ఆ చెరకును నరికింది ఆఫ్రికా నుంచి, మడగాస్కర్ నుంచి తెచ్చిన బానిసలు. 1835 ఫిబ్రవరి 1న అక్కడ బానిసత్వం రద్దయింది. తోటల యజమానులు ఆ రోజు వరకు ఆగలేదు. 1834 నవంబరు 2నే కలకత్తా నుంచి ‘అట్లాస్’ ఓడ 36 మంది కూలీలను తెచ్చి పోర్ట్ లూయీ రేవులో దింపింది. అలా మొదలైన ప్రవాహం 1910 దాకా సాగింది. దాదాపు నాలుగున్నర లక్షల మంది భారతీయులు ఆ రేవులో దిగారు. వాళ్లలో ఎక్కువమంది బీహారు, అవధ్ ప్రాంతాలవాళ్లు. మద్రాసు రాజధాని నుంచి తమిళులు, తెలుగువాళ్లు వెళ్లారు.

తెలుగు నేల నుంచి ఎందుకు కదిలారో అర్థం చేసుకోవడం కష్టం కాదు. 1832–33లో డొక్కల కరువు కోస్తాను పీల్చి పిప్పి చేసింది. ఏడేళ్లు తిరక్కుండానే ఉప్పెన వచ్చింది. ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట పూర్తయింది 1852లో. అప్పటిదాకా గోదావరి పక్కనే ఉన్నా పొలానికి నీరు దక్కుతుందన్న నమ్మకం లేదు. విశాఖ, గంజాం వైపు మెట్ట రైతుకు ఆ మాత్రం ఆశా లేదు. సరిగ్గా అలాంటి రోజుల్లో కూలీలను పోగుచేసే మేస్త్రీ వచ్చి నెలకు ఐదు రూపాయల జీతం, పైన బియ్యం, పప్పు, బట్టలు ఇస్తారని చెప్పాడు.

మొదటి అయిదారేళ్లలో వెళ్లినవాళ్లంతా దాదాపు మగవాళ్లే. కూలీలను మోసగించి తీసుకెళ్తున్నారని ఇంగ్లండులోనూ ఇక్కడా గోల చెలరేగడంతో 1839 నాటికి వలసలు ఆపేశారు. 1842లో మళ్లీ అనుమతించినప్పుడు పద్ధతి మారింది. ప్రభుత్వ అధికారులు తనిఖీ చేయాలన్నారు, ఆడవాళ్లను కూడా పంపాలన్నారు. పోను పోను ప్రతి ఓడలో ఇంత మంది ఆడవాళ్లు ఉండితీరాలన్న నిష్పత్తి పెట్టారు. దీని వెనుక దయ కంటే లెక్కే ఎక్కువ. కుటుంబం ఉన్నవాడు పారిపోడు, గడువు తీరినా నిలుస్తాడు, వాడి పిల్లలు రేపటి కూలీలవుతారు. తోటల యజమానులు తమ లాభం కోసం తెరిచిన ఆ తలుపులోంచే కుటుంబాలు లోపలికి నడిచాయి.

ఓడలో చిన్నపిల్లలిద్దరిని కలిపి ఒక మనిషిగా లెక్కగట్టి చోటిచ్చేవారు. తెరచాప ఓడలో వారాల తరబడి ప్రయాణం. విరేచనాలు, అమ్మవారు, కలరా వస్తే ముందు పోయేది పసివాళ్లే. దీవి కనబడినా గండం గడిచినట్టు కాదు. 1856 జనవరిలో కలకత్తా నుంచి వచ్చిన రెండు ఓడల్లో కలరా ఉందని ప్రయాణికులను గేబ్రియల్ అనే చిన్న దీవిలో దింపేశారు. తల దాచుకునే చోటు లేదు, తిండి చాలలేదు. రెండు వందల మందికి పైగా అక్కడే చనిపోయారు. ఆ వార్త విన్న భారత ప్రభుత్వం మారిషస్ వలసలను కొంతకాలం నిలిపివేసింది.

పోర్ట్ లూయీలో దిగినవాళ్లు రేవు నుంచి పదహారు రాతి మెట్లెక్కి డిపోకి చేరేవారు. 1849లో కట్టిన ఆ డిపోలో ఒకటి రెండు రోజులు ఉంచేవారు. గుమాస్తా ప్రతి మనిషికీ ఒక నంబరు వేసేవాడు. పేరు, తండ్రి పేరు, వయసు, కులం, ఊరు, ఎత్తు, ఒంటిమీది పుట్టుమచ్చ అన్నీ రిజిస్టరులోకి ఎక్కేవి. చంకలో ఉన్న బిడ్డా ఈ లెక్క తప్పించుకోలేదు. అంతదాకా అప్పడు కొడుకు, సన్యాసి కూతురు అని ఊరంతా ఎరిగిన పిల్లలు అక్కడ ఒక అంకెగా మారారు. గుమాస్తా చెవికి వినబడినట్టు రాసుకున్న తాత పేరే తర్వాత మనవలకు ఇంటిపేరైంది. అప్పడు, సన్యాసి వంటి పేర్లు నేటికీ మారిషస్ తెలుగువాళ్ల ఇంటిపేర్లలో కనిపిస్తాయి. శ్రీకాకుళం, విశాఖ పల్లెల్లో పుట్టి పెరిగిన పేర్లవి.

డిపో నుంచి తోటకు నడక. దారి పొడవునా పిల్లలకు కనిపించినవన్నీ కొత్తవే. పోర్ట్ లూయీ వెనక నల్లటి కొండలు నిటారుగా లేచి ఉంటాయి. వాటిలో పీటర్ బోత్ అనే శిఖరం కొసన ఒక పెద్ద బండ మనిషి తలలా నిలబడి ఉంటుంది. ఆ దీవి పిల్లలకు పెద్దలు చెప్పే కథ ఒకటుంది. పాలమ్ముకునే ఒకడు కొండ మీద దేవకన్యల నాట్యం చూశాడు, ఎవరికీ చెప్పొద్దని వాళ్లు హెచ్చరించినా వినక ఊరంతా చాటాడు, మళ్లీ కొండెక్కేసరికి రాయైపోయాడు. చెరకు చేల నడుమ గుట్టలుగా పేర్చిన నల్లరాళ్లు కూడా ఆ దీవి ప్రత్యేకతే. అది అగ్నిపర్వతం పోసిన నేల. రాయి ఏరితే తప్ప మొక్క దిగదు. ఏరిందీ, మోసిందీ మొదట బానిసలు, ఆ తర్వాత మనవాళ్లు.

తోటలో ఇల్లంటే వరసగా వేసిన గడ్డి పాక. దాన్ని క్యాంపు అనేవారు. తెల్లవారకముందే గంట కొడితే కూలీల మీద అజమాయిషీ చేసే సర్దారు పిలుపుకు అందరూ నిలబడాలి. గట్టి మగవాళ్లది పెద్ద గుంపు, వాళ్లు గుంటలు తవ్వుతారు, చెరకు నరుకుతారు. ఆడవాళ్లు, పిల్లలు, నీరసంగా ఉన్నవాళ్లు చిన్న గుంపు. కలుపు తీయడం, ఆకు ఏరడం వాళ్ల పని. ఒక రోజు పనికి రాకపోతే రెండు రోజుల జీతం కోసేవారు. బిడ్డకు జ్వరమొచ్చి తండ్రి ఇంటిపట్టున ఆగినా అదే కోత. ఈ ‘డబుల్ కట్’ పద్ధతి పందొమ్మిదో శతాబ్దం చివరిదాకా ఆ దీవిలో సాగింది.

అలాంటి బతుకులో కొత్త చోటును ముందుగా తెలుసుకున్నది పిల్లలే. పక్క పాకలో భోజ్‌పురి, ఆ పక్క తమిళం, యజమాని ఇంట ఫ్రెంచి, బండి తోలేవాడి నోట బానిసల కాలంలో పుట్టిన క్రియోల్. క్యాంపులో ఆడుకునే పిల్లలకు క్రియోల్ పట్టుబడింది. అంగట్లో బేరానికి, వైద్యుడి దగ్గర బాధ చెప్పడానికి పెద్దలకు ఆ భాష కావలసి వచ్చేది. ఆవును మేపడానికి గడ్డి కోసుకొచ్చే పనీ ఆడవాళ్లదీ పిల్లలదే. పాలు అమ్మి కూడబెట్టిన పైసలే చాలా ఇళ్లలో మొదటి పొదుపు.

రుతువులు తలకిందులయ్యాయి. భూమధ్యరేఖకు దక్షిణాన ఉన్న ఆ దీవిలో సంక్రాంతి నడి వేసవిలో పడుతుంది. ఆషాఢం, శ్రావణం చలి రోజులు. ఉగాది వచ్చేసరికి ఎండాకాలం వెనక్కి తగ్గుతుంటుంది. మామిడి అక్కడ డిసెంబరు, జనవరి నెలల్లో పండుతుంది కాబట్టి ఉగాది పచ్చడికి పచ్చి కాయ దొరకడమే గగనం. అయినా తిథి మార్చలేదు, పండుగ మానలేదు. పంచాంగం చెప్పిన రోజునే చేసుకున్నారు. మారని సంగతి ఒక్కటే: తుఫాను. దీవిలో జనవరి నుంచి ఏప్రిల్ దాకా వాటి కాలం. 1892 ఏప్రిల్ 29న వచ్చిన తుఫాను పోర్ట్ లూయీలో పెద్ద భాగాన్ని నేలమట్టం చేసి వేయిమందికి పైగా ప్రాణాలు తీసింది. కోరంగి ఉప్పెన కథలు విన్న ముసలివాళ్లకు ఆ హోరు కొత్తది కాదు.

దేవుళ్లు కూడా కుటుంబాలతోనే దీవికి చేరారు. సింహాచలం అప్పన్న, ఊరి పొలిమేర అమ్మోరు, రాముడు. మారిషస్ తెలుగువాళ్లకు సింహాద్రి అప్పన్న పూజ, అమ్మోరు పండుగ, రామభజన ముఖ్యమైనవి. దీపస్తంభం చుట్టూ తిరుగుతూ రాత్రంతా పాడే ఆ భజనల్లోనే తెలుగు మాట నిలిచింది. ఇంట్లో క్రియోల్ మాట్లాడే పిల్లవాడికి కూడా భజన పాటలు తెలుగులోనే కంఠతా వచ్చేవి. అర్థం సగం తెలియకపోయినా ఉచ్చారణ చెడలేదంటే, తాతల పక్కన కూర్చుని నేర్చుకోబట్టే.

బడి సంగతి వేరు. 1857లో మగపిల్లలకు నిర్బంధ విద్య అమలు చేయడానికి ప్రభుత్వం చట్టం చేసింది. తోటల యజమానులకు చదువుకున్న కూలీ అక్కర్లేదు, తల్లిదండ్రులకు పరాయి భాష బడి మీద నమ్మకం లేదు. చట్టం కాగితం మీదే ఆగిపోయింది. కష్టాలు బడితోనే ఆగలేదు. 1867లో మలేరియా వేలమందిని మింగింది. గడువు తీరిన కూలీలు ఫొటో అంటించిన పాసు లేకుండా తిరిగితే పట్టుకుని జైల్లో పెట్టే చట్టం వచ్చిందీ అదే ఏడాది. తోట విడిచి సొంత బతుకు చూసుకోవాలనుకున్న ప్రతి ఇంటిపెద్ద మెడ మీద కత్తి అది. 1871లో అడోల్ఫ్ ద ప్లెవిట్జ్ అనే తెల్ల రైతు కూలీల తరఫున అర్జీ రాశాడు. 9,401 మంది దానికి మద్దతుగా నిలిచారు. రాయల్ కమిషన్ విచారణకు వచ్చి 1875లో నివేదిక ఇచ్చింది, దౌర్జన్యాలు నిజమేనని తేల్చింది.

తెలుగువాళ్లు ఇలాగే కూలీలుగా వెళ్లిన దక్షిణాఫ్రికాలోని నేటాల్‌లో పిల్లల మీద నేరుగా పన్ను వేశారు. 1860 నవంబరు 16న మద్రాసు నుంచి ‘ట్రూరో’ ఓడ డర్బన్ చేరింది. ఆ దారినే వేలాది తెలుగు కుటుంబాలు తర్వాతి దశాబ్దాల్లో వెళ్లాయి. ఒప్పందం ముగిశాక అక్కడే ఉండాలంటే ఏటా మూడు పౌన్లు కట్టాలని 1895లో చట్టం చేశారు. 1903లో దాన్ని పదహారేళ్లు దాటిన మగపిల్లలకూ, పదమూడేళ్లు దాటిన ఆడపిల్లలకూ విస్తరించారు. కొత్త కూలీ జీతం నెలకు పది షిల్లింగులు. అంటే ఒక ఆడపిల్ల ఆ దేశంలో ఏడాది ఉండటానికి ఆరు నెలల కూలి. ఈ పన్నే 1913 నాటి మహా సమ్మెకు ముఖ్య కారణం. మరుసటి ఏడాది పన్ను రద్దయింది.

మారిషస్ కుటుంబాలకు వెసులుబాటు భూమి రూపంలో వచ్చింది. 1870ల తర్వాత ఐరోపా బీటు చక్కెర పోటీతో ధరలు పడిపోయాయి. పెద్ద తోటలు అంచు భూములను ముక్కలు చేసి అమ్మాయి. పాల డబ్బు, కూలి డబ్బు, ఆడవాళ్ల వెండి నగలు కలిపి జనం అర ఎకరం, ఎకరం కొనుక్కున్నారు. క్యాంపుల నుంచి సొంత ఊళ్లలోకి మారారు. ఇరవయ్యో శతాబ్దం మొదలయ్యేసరికి దీవి చెరకు నేలలో గణనీయమైన భాగం భారతీయ చిన్నరైతుల చేతిలో ఉంది. దీవికి వచ్చినవాళ్లలో దాదాపు మూడింట రెండు వంతుల మంది తిరిగి వెళ్లలేదు.

1968 మార్చి 12న మారిషస్ స్వతంత్రమైంది. ఉగాది నేడు అక్కడ ప్రభుత్వ సెలవు దినం. సర్కారు బడుల్లో తెలుగు ఒక పాఠ్యభాష. 1990లో మూడో ప్రపంచ తెలుగు మహాసభలు అక్కడే జరిగాయి. ఆ పదహారు మెట్ల డిపో ‘ఆప్రవాసీ ఘాట్’ పేరుతో 2006లో యునెస్కో ప్రపంచ వారసత్వ స్థలాల జాబితాలో చేరింది. మోకా పట్టణంలోని మహాత్మా గాంధీ ఇన్‌స్టిట్యూట్‌లో నాటి వలస రిజిస్టర్లు భద్రంగా ఉన్నాయి. తాత ముత్తాతల నంబరు, ఊరి పేరు వెతుక్కుంటూ అక్కడి కుటుంబాలు ఆ పుటలు తిప్పించుకుంటాయి.

ఆ రిజిస్టర్లలో రాసిన ఊళ్లు మన దగ్గర ఉన్నాయి. శ్రీకాకుళం, విశాఖ, గోదావరి జిల్లాల్లో ‘మా ముత్తాత తమ్ముడు ఓడెక్కి పోయాడట’ అని చెప్పే ఇళ్లు ఇంకా మిగిలి ఉంటే, ఆ పెద్దల మాటలను ఇప్పుడే రాసి పెట్టుకోవాలి. కోరంగిలో మడ అడవులు చూపించే చోటనే ఈ వలస కథ చెప్పే చిన్న ప్రదర్శనశాల ఒకటి వెలవాలి. బడి పుస్తకంలో ‘కోరింగా ప్యాకెట్’ ఓడకు, అందులో వెళ్లిన పిల్లలకు ఒక పాఠం దక్కాలి. ప్రభుత్వం, విశ్వవిద్యాలయాలు, ఊరి యువజన సంఘాలు ఎవరు ముందుకొచ్చినా సరే, మాటలు గుర్తున్న ఆఖరి తరం ఉండగానే ఈ పని మొదలుపెట్టాలి.