సుప్రియో చక్రవర్తి, అభయ్ డాంగ్

సుప్రియో చక్రవర్తి, అభయ్ డాంగ్ హైదరాబాదులో స్థిరపడిన గే జంట. స్వలింగ వివాహానికి చట్టబద్ధత కోరుతూ సుప్రీంకోర్టును ఆశ్రయించిన ఉద్యమకారులు. ఈ అంశంపై 2023 అక్టోబరు 17న రాజ్యాంగ ధర్మాసనం వెలువరించిన తీర్పును సుప్రియో పేరుతోనే వ్యవహరిస్తారు. కోరిన హక్కు దక్కలేదు. అయితే పెళ్లి, ఇల్లు, రేషన్ కార్డు, ఆసుపత్రి వంటి రోజువారీ విషయాల్లో స్వలింగ జంటలకు ఏమేమి అందడం లేదో ఈ కేసుతో దేశమంతటికీ తెలిసింది.

నేపథ్యం

సుప్రియో బెంగాలీ, అభయ్ పంజాబీ. ఒకరిది హోటల్ మేనేజ్‌మెంట్ రంగం, మరొకరిది సాఫ్ట్‌వేర్. 2012లో ఒక డేటింగ్ యాప్ ద్వారా పరిచయమయ్యారు. స్వలింగ సంబంధం నేరం కాదని 2009 జులై 2న ఢిల్లీ హైకోర్టు చెప్పిన మాట అప్పటికి అమల్లో ఉంది. 2013 డిసెంబరు 11న సుప్రీంకోర్టు ఆ తీర్పును కొట్టివేయడంతో భారత శిక్షాస్మృతిలోని 377వ సెక్షన్ మళ్లీ ప్రాణం పోసుకుంది. 2018 సెప్టెంబరు 6న నవతేజ్ సింగ్ జోహర్ కేసులో సుప్రీంకోర్టే అది నేరం కాదని తేల్చేదాకా, దాదాపు ఐదేళ్లపాటు, వాళ్ల సహజీవనం చట్టం దృష్టిలో నేరపు నీడలోనే సాగింది.

స్వీయ అంగీకారం, కుటుంబాలు

తల్లిదండ్రులు మొదట్లో పూర్తిగా సమ్మతించలేదని, అలాగని అడ్డుపడనూ లేదని ఈ జంట పలు ఇంటర్వ్యూల్లో చెప్పింది. ఆలోచించుకునేందుకు పెద్దవాళ్లకూ తమకూ కావలసినంత వ్యవధి ఇచ్చుకున్నారు. తెగతెంపులు చేసుకోలేదు, ఉన్న విషయం దాచనూ లేదు. కోవిడ్ రెండో ఉద్ధృతిలో ఇద్దరికీ జబ్బు చేసింది. కోలుకున్నాక, తమ బంధాన్ని అయినవాళ్ల మధ్య వేడుక చేసుకోవాలని నిశ్చయించుకున్నారు. 2021 డిసెంబరు 18న హైదరాబాదు శివార్లలోని ఒక రిసార్టులో, బెంగాలీ, పంజాబీ సంప్రదాయాలు కలిపి, తల్లిదండ్రుల ఆశీస్సులతో పెళ్లి జరిగింది. తెలంగాణలో బహిరంగంగా జరిగిన తొలి గే వివాహంగా పత్రికలు దీన్ని రాశాయి. దానికి చట్టం గుర్తింపు మాత్రం లేదు.

న్యాయపోరాటం

1954 నాటి ప్రత్యేక వివాహ చట్టాన్ని స్వలింగ జంటలకూ వర్తింపజేయాలని 2022లో వీరు వేసిన పిటిషన్‌పై నవంబరు 25న సుప్రీంకోర్టు కేంద్రానికి నోటీసులిచ్చింది. ఇలాంటి ఇతర పిటిషన్లనూ కలిపి 2023 ఏప్రిల్ 18 నుంచి మే 11 వరకు పది రోజులు వాదనలు విన్నది. అప్పటి ప్రధాన న్యాయమూర్తి డి.వై. చంద్రచూడ్ నేతృత్వంలోని ధర్మాసనంలో సంజయ్ కిషన్ కౌల్, రవీంద్ర భట్‌తో పాటు, అంతకుముందు తెలంగాణ హైకోర్టు ప్రధాన న్యాయమూర్తిగా పనిచేసిన హిమా కోహ్లీ, తెలుగువారైన పి.ఎస్. నరసింహ ఉన్నారు.

పెళ్లి ప్రాథమిక హక్కు కాదని ఐదుగురూ ఏకాభిప్రాయానికి వచ్చారు. స్వలింగ జంటల బంధానికి చట్టపరమైన గుర్తింపు ఇవ్వాలని చంద్రచూడ్, కౌల్ అన్నా, 3–2 మెజారిటీ దాన్ని తోసిపుచ్చింది. స్వలింగ జంటల ఇబ్బందులను కేబినెట్ కార్యదర్శి అధ్యక్షతన కమిటీ పరిశీలించాలని కోర్టు సూచించింది. పునఃసమీక్ష పిటిషన్లు 2025 జనవరి 9న వీగిపోయాయి.

తర్వాతి పరిణామాలు

2024 ఏప్రిల్‌లో కేంద్రం ఆ కమిటీని నియమించింది. రేషన్ కార్డు విషయంలో భాగస్వాములను ఒకే ఇంటివారిగా పరిగణించాలని ఆ ఆగస్టులో రాష్ట్రాలకు లేఖ వెళ్లింది. ఉమ్మడి బ్యాంకు ఖాతాకు, భాగస్వామిని నామినీగా పెట్టుకోవడానికి ఆటంకం లేదని ఆర్థిక శాఖ స్పష్టం చేసింది. వారసత్వం, దత్తత వంటివి ఇంకా అందలేదు.

తెలుగు రాష్ట్రాల్లో ఇతర పోరాటాలూ ఫలించాయి. వైజయంతి వసంత మొగిలి తదితరుల పిటిషన్‌పై, హిజ్రాలను అనుమానితులుగా చూసిన నిజాం కాలపు చట్టాన్ని తెలంగాణ హైకోర్టు 2023 జులైలో కొట్టివేసింది. ప్రేమించిన స్త్రీతో కలిసి ఉండాలనుకున్న ఒక యువతిని కన్నవారు నిర్బంధించిన కేసులో, ఆ ఇద్దరికీ కలిసి జీవించే హక్కు ఉందని 2024 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు తేల్చింది.

మాచర్ల వంటి ఊళ్లకు వర్తింపు

సుప్రియో, అభయ్‌లకు మహానగరం, ఉద్యోగం, కాస్త ఆలస్యంగానైనా కుటుంబం అండగా నిలిచాయి. పల్నాడు జిల్లాలోని మాచర్లలో తన మనసు తాను తెలుసుకున్న కుర్రాడికి ఇవేవీ దొరక్కపోవచ్చు. పెళ్లి చేస్తే అంతా సర్దుకుంటుందనే ఒత్తిడి, నలుగురూ ఏమనుకుంటారోనన్న భయం ఇంట్లోనే మొదలవుతాయి. చాలామంది పెద్దలు దీన్ని జబ్బనుకుంటారు. అది జబ్బు కాదు. 1990 మే 17న ప్రపంచ ఆరోగ్య సంస్థ స్వలింగ ఆకర్షణను వ్యాధుల జాబితా నుంచి తొలగించింది. దాన్ని ‘మారుస్తాం’ అంటూ చేసే చికిత్సను జాతీయ వైద్య కమిషన్ 2022లో వృత్తిపరమైన దుష్ప్రవర్తనగా ప్రకటించింది. చికిత్సలో లైంగికత ఆధారంగా వివక్ష చూపరాదని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చెబుతుంది.

మనోవ్యథలో ఉన్నవారు ఏ ఊరి నుంచైనా టెలీ మానస్ 14416కు ఫోన్ చేసి తెలుగులో మాట్లాడవచ్చు. నిర్బంధమో బెదిరింపో ఎదురైతే న్యాయసేవాధికార సంస్థ 15100 నంబరు ఉంది.

కులాల గోడలు దాటి అందరినీ ఒక పంక్తిలో కూర్చోబెట్టిన చాపకూడును పల్నాటి కథ బ్రహ్మనాయుడికి ఆపాదిస్తుంది. ఆ కథలో బ్రహ్మనాయుడు అండగా నిలిచిన మలిదేవుడి పక్షానికి రాజధాని మాచర్లే. ఆ సంప్రదాయాన్ని గర్వంగా చెప్పుకునే నేలపై ఇంటిబిడ్డను ఉన్నట్టుగా అంగీకరించడం కొత్త ఆచారమేమీ కాదు. దానికి ఏ కోర్టు తీర్పు కోసమూ ఎదురుచూడనక్కర్లేదు.