ఓడ దిగిన తరువాత

మన నిజామాబాద్ పట్టణానికి సముద్రం చాలా దూరం. మనం ఎరిగిన పెద్ద నీరు 1931లో పూర్తి అయిన నిజాంసాగర్. మన పెద్దలు వింతగా చూసిన పెద్ద యంత్రాలు బోధన్ శక్కర్‌నగర్‌లో 1937లో స్థాపితమైన చక్కెర కర్మాగారానివి. అయినను కందకుర్తి వద్ద మంజీరను, హరిద్రను కలుపుకొని సాగే మన గోదావరి కడకు చేరేది బంగాళాఖాతానికే గదా! సముద్రం మీద యౌవనమంతా గడిపి, యూనిఫారం విడిచిన పిమ్మట జనం మధ్యకు వచ్చిన ఇద్దరు నావికుల చరిత్రను ఈ సంచికలో సంఘస్థుల ముందు ఉంచదలచినాము. మన మధ్య పదవీ విరమణ చేసినవారు అనేకులు ఉన్నారు గనుక ఇది మనకు పరాయి కథ కాదు.

ఆ ఇద్దరు మామా అల్లుళ్లు. మామగారు వైస్ అడ్మిరల్ రామదాస్ కటారి. అల్లుడు అడ్మిరల్ లక్ష్మీనారాయణ్ రామదాస్. ఇద్దరును భారత నౌకాదళానికి అధిపతులైనవారే. ఇద్దరును కడపటి శ్వాస విడిచినది మన సికింద్రాబాద్‌లోనే.

కటారి గారు 1911 అక్టోబరు 8న చెంగల్పట్టులో జన్మించినారు. ఆ కాలమందు ఓడలపై అధికారులు తెల్లవారే. భారతీయ యువకులకు శిక్షణ ఇచ్చుటకై 1927లో బొంబాయిలో 'డఫరిన్' అను శిక్షణ నౌక ఏర్పడగా, దాని మొదటి జట్టులో ఆయన చేరినారు. రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో నౌకాదళంలో ప్రవేశించి మెట్టు మెట్టుగా పైకి వచ్చినారు. స్వాతంత్ర్యం వచ్చి పదేండ్లు దాటినా మన నౌకాదళానికి అధిపతి బ్రిటిషు అధికారియే. 1958 ఏప్రిల్ 22న కటారి గారు ఆ బాధ్యతను చేపట్టి, ఆ పదవిలో మొదటి భారతీయుడైనారు. మన మొదటి విమానవాహక నౌక 'విక్రాంత్' 1961లో దేశానికి వచ్చినది ఆయన హయాములోనే. అదే సంవత్సరం డిసెంబరులో గోవా విముక్తి కూడా జరిగినది.

1962 జూన్‌లో పదవి విడిచేనాటికి ఆయనకు యాభై ఏండ్లే. ఇక విశ్రాంతి అని కూర్చుండలేదు. ఆంధ్రప్రదేశ్ రోడ్డు రవాణా సంస్థకు అధ్యక్షులైనారు. ఆ సంస్థకు మూలం 1932లో నిజాం రాజ్యంలో ఇరవై ఏడు బస్సులతో మొదలైన రవాణా శాఖ. యుద్ధనౌకలను నడిపించిన చేతులు పల్లె ప్రజలు ఎక్కే బస్సుల పని చూచుట చిన్నతనమని ఆయన తలచలేదు. పిమ్మట 1964 నుండి 1969 వరకు బర్మాలో భారత రాయబారిగా ఉన్నారు. 1983 జనవరి 21న కన్నుమూసినారు.

అల్లుడైన రామదాస్ గారు 1933 సెప్టెంబరు 5న బొంబాయిలో పుట్టినారు. 1949లో డెహ్రాడూన్‌లో సైనిక శిక్షణకు చేరినారు. 1971 యుద్ధంలో 'బియాస్' అను యుద్ధనౌకకు నాయకుడై బంగాళాఖాతంలో తూర్పు పాకిస్తాన్ తీరాన్ని దిగ్బంధించిన దళంలో పనిచేసి వీరచక్ర పొందినారు. తరువాత విశాఖపట్నంలో తూర్పు నౌకాదళానికి అధిపతియై, 1990 నవంబరు చివర యావత్ నౌకాదళానికి అధిపతి అయినారు. 1992లో స్త్రీలను అధికారులుగా చేర్చుకొనుట ఆయన కాలంలోనే ఆరంభమైనది. మన ఆడపిల్లలకు ఈ సంగతి చెప్పవలసి ఉన్నది.

1993 సెప్టెంబరులో ఆయన పదవి విరమించినారు. శౌర్య పతకానికి గాను లభించిన భూమిలో, అలీబాగ్ దగ్గర ఒక పల్లెలో, భార్య లలిత గారితో స్థిరపడి సేద్యం చేసినారు. రాయగఢ్ జిల్లాలో ప్రత్యేక ఆర్థిక మండలి పేరిట రైతుల భూములు తీసుకొనబూనినప్పుడు ఆ రైతుల పక్షాన నిలిచినారు. భూమి పోతే రైతు ఏమగునో మన చెరకు రైతులకు వేరుగా చెప్పనక్కరలేదు.

మరి ఒక పని ఇంతకంటె కఠినమైనది. ఏ పాకిస్తాన్‌తో తాను యుద్ధం చేసినారో, ఆ దేశ ప్రజలతో స్నేహం కొరకు 1994లో ఏర్పడిన భారత-పాకిస్తాన్ ప్రజావేదికలో ఆయన ముందు నిలిచినారు. అణ్వాయుధాలు వద్దని కూడా బహిరంగముగా పలికినారు. ఆయన అభిప్రాయాలను ఒప్పుకొననివారు, ఆయనను నిందించినవారు ఉండిరి. అయినను మానలేదు. 2004లో పాకిస్తాన్‌కు చెందిన పాత్రికేయులు ఐ. ఎ. రెహమాన్ గారితో కలిపి ఆయనకు మెగసెసె బహుమతి ఇచ్చినారు. 2024 మార్చి 15న, తొంబది ఏండ్ల వయస్సులో, సికింద్రాబాద్ మిలిటరీ ఆసుపత్రిలో మరణించినారు. లెక్క చూడండి: నౌకాదళంలో నలభై నాలుగేండ్లు, ఆ తరువాత ప్రజల మధ్య ముప్పది ఏండ్లు. రెండవ ఉద్యోగానికి జీతం లేదు.

ఇది చదివి "వారు అడ్మిరల్‌లు, పింఛను గలవారు, మా మాట ఏమి?" అని బోధన్ వైపు సంఘస్థులు అడుగవచ్చును. ఆ ప్రశ్న న్యాయమైనదే. 2015 డిసెంబరులో చక్కెర కర్మాగారం మూతబడినప్పుడు విరమణ తేదీ రాకమునుపే పని పోయినవారు మనలో ఉన్నారు. వారికి సేవను గూర్చి ఉపన్యసించుట మా ఉద్దేశం కాదు. మేము అడుగుచున్నది పింఛను పొందుచున్న మనలనే. మిలిటరీలో, రైల్వేలో, బడులలో, కచేరీలలో ముప్పది ఏండ్లు నేర్చిన పని విరమణ దినాన పూలదండతో పాటు వాడిపోవలెనా? గుమాస్తాగా పనిచేసినవారు పొరుగున ఉన్న కార్మికుని బకాయిల దరఖాస్తు వ్రాసి పెట్టలేరా? పంతులుగారు సాయంకాలం పదిమంది పిల్లలకు లెక్కలు చెప్పలేరా? సైన్యం నుండి వచ్చినవారు మన యువకులను వేకువనే లేపి పరుగు నేర్పలేరా?

డిచ్‌పల్లిలో 1915లో కుష్ఠు ఆసుపత్రి లేచినప్పుడు దొరసాని డాక్టరు ఇసబెల్ కెర్ గారి శ్రమ ఒక ప్రక్క, రాజా నర్సాగౌడ్ గారి దానం మరొక ప్రక్క కలిసినవి. మన జిల్లాకు ఈ గుణం కొత్తది కాదు. ఓడ రేవు చేరినంత మాత్రాన నావికుని పని తీరదు. సరుకు దించవలసి ఉన్నది. మన ఓడలు రేవు చేరినవి. లోపల సరుకు ఎంతో ఉన్నది. దించుదము రండి.