టీవీఎస్ తోలినోడు ఏ బండైనా తోలతాడా?

పోయిన నెల మన సంఘం కూటంలో ఒక అక్క లేచి అడిగింది: "మా వాడికి పద్దెనిమిది నిండినాయి. గేరు బండి కావాలని పట్టు పట్టినాడు. సరిగ్గా నేర్పించేవాళ్ళు ఎవరన్నా ఉంటే చెప్పండి." వెనక వరసలో నుంచి ఎవరో నవ్వినారు. "దాంట్లో నేర్చుకునేదానికి ఏముందక్కా, టీవీఎస్ తోలినోడు ఏ బండైనా తోలతాడు."

ఆ మాట మాకు కొత్త కాదు. మా నాయనలు అన్నారు, మేమూ అన్నాం. అది మన హోసూరులో పుట్టడానికి ఒక కారణం ఉంది, సగం అబద్ధం కావడానికీ ఒక కారణం ఉంది. ఆ రోజు కూటంలో చెప్పడానికి సమయం చాల్లేదు గాబట్టి ఇక్కడ రాస్తున్నాం. కొంచెం పొడుగే, ఓపిక చేసుకోండి.

1980కి ముందు బాగలూరు, బేరికె, కెలమంగలం దావల్లో మోటార్ సైకిల్ అంటే రెండే రకాలు గుర్తు. ఒకటి బుల్లెట్, మద్రాసు పక్కన తిరువొత్తియూరులో తయారయ్యేది. మద్రాస్ మోటార్స్ వాళ్ళు ఇంగ్లాండు కంపెనీతో కలిసి 1955లో మొదలుపెట్టినారు. రెండోది జావా, మైసూరుది. 1961లో మైసూరు మహారాజా జయచామరాజ ఒడెయరు చేతులమీదుగా తెరిచిన కార్ఖానా అది. 1973 నుంచి ఆ బండికే యెజ్డీ అని పేరు వచ్చింది, 1996లో కార్ఖానా మూతపడింది.

ఈ రెండు బండ్లూ అసలు ఒకదానికొకటి పొసగవు. బుల్లెట్‌కు గేరు కుడికాలి కింద, బ్రేకు ఎడమకాలి కింద. జావాకు గేరు ఎడమ పక్క. పైగా దాంట్లో కిక్కు కొట్టే కడ్డీ, గేరు కడ్డీ రెండూ ఒకటే. స్టార్ట్ అయినాక మడిచి ముందుకు తిప్పుకుంటే అదే గేరు. ఆ కడ్డీని కాలితో కదిలిస్తే క్లచ్ దానంతట అదే విడిపోయేది, చేత్తో పట్టకపోయినా నడిచేది. అందుకని బుల్లెట్ ఉన్నాయన జావా అడిగినా, జావా ఉన్నాయన బుల్లెట్ అడిగినా, ఇచ్చేముందు వెనక కూర్చోబెట్టుకుని రెండు రోజులు తిప్పి చూపించేవాళ్ళు. బండి మారితే కాళ్ళు మళ్ళీ చదువుకోవాలని ఆ తరానికి బాగా తెలుసు. ఆ తెలివి మధ్యలో ఎక్కడ పోయింది?

పోయింది 1980లో, మన ఊళ్ళోనే. ఆ సంవత్సరం హోసూరు ఫ్యాక్టరీ నుంచి టీవీఎస్ ఫిఫ్టీ బయటికొచ్చింది. యాభై సీసీ, గేర్లు లేవు, క్లచ్ పట్టే పని లేదు, ఇద్దరు కూర్చోవచ్చు. మన ఇళ్ళల్లో అది చేసిన మేలు చిన్నది కాదు. రోజాపూల మూటలు, పాల క్యాన్లు, మిల్లుకు రాగుల మూట, బడికి పోయే పిల్లోళ్ళు, అన్నీ దానిమీదే. మన ఆడవాళ్ళు తొలిసారి సొంతంగా సంతకు పోయొచ్చింది దానిమీదే. దాని గురించి ఒక్క చెడ్డ మాట రాయడానికి మాకు చెయ్యి రాదు.

దాన్ని నేర్చుకోవడానికి ఒక సాయంత్రం చాలింది. ఎందుకంటే మేమందరం అంతకుముందే సైకిల్ నేర్చినవాళ్ళం, సీటు అందక బారు కింద కాలు దూర్చి "కొరంగు పెడలు" తొక్కినవాళ్ళం. నిలకడ వచ్చేసింది. ఇక మిగిలింది ఆపడం. సైకిల్‌కు రెండు బ్రేకులూ చేతుల్లోనే, టీవీఎస్‌కూ రెండూ చేతుల్లోనే: ఎడమచేతిది వెనక చక్రానికి, కుడిచేతిది ముందు చక్రానికి. ముందు బ్రేకు పడితే బోర్లా పడతామని పెద్దోళ్ళు చెప్పేవాళ్ళు, ఆ కేబుల్‌ను మేమే వదులు చేసి పెట్టుకునేవాళ్ళం. ఇక నిజంగా బండిని ఆపింది ఎడమచెయ్యి ఒక్కటే. నాలుగేండ్లు, అయిదేండ్లు, రోజూ. భయమేస్తే ఎడమచెయ్యి బిగించడం మాకు ఊపిరి తీసినంత సహజమైపోయింది.

1984లో అదే ఫ్యాక్టరీ నుంచి ఇండ్-సుజుకి వచ్చింది, వంద సీసీ. వెనకాలే, 1985లో హీరో హోండా సీడీ హండ్రెడ్, యమహా ఆర్‌ఎక్స్ హండ్రెడ్. టీవీఎస్‌ల నుంచి అందరూ వీటిమీదికి దూకినారు. ఈ బండ్లలో ఎడమచేతి కింద ఉన్నది బ్రేకు కాదు, క్లచ్.

ఇది రాస్తున్న మాలో ముగ్గురం ఆ రోజుల్లో ఒకే సుజుకి మీద వంతులేసుకుని నేర్చినాం. రాగి కోతల కాలం. మన పక్క ఇప్పటికీ కంకులు తారు దావమీద పరిచి, పోయే బండ్ల చక్రాల కింద నూర్పిడి చేయించుకుంటారు గదా. ఒక మలుపు తిరగ్గానే దావ నిండా రాగి గడ్డి, అవతల ఒక ఆవు. బండి మీదున్న మావాడు గట్టిగా ఎడమచెయ్యి బిగించినాడు. క్లచ్ విడిపోయింది. ఇంజను పట్టు వదిలేసింది, బండి మరింత తేలికై గడ్డిమీద జారుతా పోయింది. ఆవు తప్పుకుంది. మావాడు దావ పక్క రాళ్ళలో పడి మోచేయి విరగ్గొట్టుకున్నాడు. "బ్రేకు పట్టినాను, పడలేదు" అని ఆసుపత్రిలో కూడా అదే మాట. మెకానిక్కు బండి విప్పి చూసి బ్రేకులు బాగానే ఉన్నాయన్నాడు. ఇద్దరూ నిజమే చెప్పినారని మాకు అర్థమయ్యేసరికి చానా ఏండ్లు పట్టింది.

కాబట్టి అక్కా, టీవీఎస్ తోలినోడికి నిలకడ వచ్చుంటుంది, దావ తెలిసుంటుంది. కానీ ఆపడం మాత్రం తప్పుగా వచ్చుంటుంది. ఏమీ రానోడికి నేర్పడం సులభం. తప్పుగా వచ్చినోడికి ముందు అది మరిపించాలి.

చట్టానికి ఈ తేడా తెలుసు. 1989 జూలై నుంచి అమల్లో ఉన్న మోటారు వాహనాల చట్టంలో గేరు లేని బండికి, గేరు ఉన్న బండికి లైసెన్సులు వేరు వేరు. యాభై సీసీ వరకు గేరు లేనిది పదహారేండ్లకే తోలవచ్చు, మిగతావాటికి పద్దెనిమిది. ముందు నేర్చుకునేవాళ్ళ లైసెన్సు, బండికి తెల్ల పలకమీద ఎర్ర ఎల్ అక్షరం, ముప్పై రోజులు గడిచినాకే పరీక్ష. ఈ ముప్పై రోజులు ఎందుకు ఇచ్చినారో ఆలోచించేవాళ్ళు తక్కువ. చానామందికి అది తేదీ కోసం ఎదురుచూసే నెల, అంతే.

పరీక్షలో ఎట్టు వేయాలి. తెలుగులో ఎనిమిదే గానీ మన పక్క అందరూ ఎట్టు అనే అంటారు. కాలు కింద పెట్టకుండా నిదానంగా ఎనిమిది అంకె ఆకారంలో తిప్పడం. మంచి పరీక్షే, నిలకడ తెలుస్తుంది. కానీ ఎట్టు ఎంత అందంగా వేసినా, ఆవు అడ్డమొస్తే ఏ చెయ్యి బిగిస్తాడో తెలియదు.

హెల్మెట్ సంగతి రెండు మాటల్లో ముగిస్తాం, అందరికీ తెలిసిందే. 2015 జూలై 1 నుంచి మద్రాసు హైకోర్టు ఆదేశంతో తోలేవాళ్ళకూ, వెనక కూర్చున్నవాళ్ళకూ తప్పనిసరి అయింది. ఆ వారం దావ పక్కన కుప్పలు పోసి అమ్మిన పెంకులు కొన్నవాళ్ళల్లో మేమూ ఉన్నాం. ఇప్పుడు ఐఎస్‌ఐ గుర్తు చూసి కొంటున్నాం, గడ్డం కింద పట్టీ బిగిస్తున్నాం.

ఇదంతా పాత కథ, ఇప్పటి పిల్లోళ్ళకు టీవీఎస్ ఫిఫ్టీ ఎక్కడిది అనుకోవద్దు. ఇప్పటి పిల్లోళ్ళు నేర్చేది అమ్మ స్కూటర్ మీద. స్కూటీ, యాక్టివా, జూపిటర్, ఏదైనా గేర్లు లేవు, ఎడమచేతి కింద బ్రేకే. పైగా 2019 ఏప్రిల్ నుంచి నూట ఇరవై అయిదు సీసీ వరకు ఉండే కొత్త బండ్లకు రెండు బ్రేకులూ కలిసి పడే ఏర్పాటు ఉండాలని నియమం వచ్చింది. మంచి నియమం, దానివల్ల ప్రాణాలు నిలుస్తాయి. కాకపోతే స్కూటర్లలో ఎడమచెయ్యి ఒక్కటి పట్టితే రెండు చక్రాలూ ఆగుతాయి. మా టీవీఎస్ కంటే గట్టిగా ఎడమచేతికి అలవాటు నేర్పేది ఇప్పటి స్కూటరే. ఆ అలవాటుతో పిల్లోడు నేరుగా రెండొందల సీసీ ఎక్కుతున్నాడు. మా సుజుకి వంద సీసీనే.

గేర్ల లెక్క కూడా బండి బండికీ వేరు. స్ప్లెండర్‌లో ముందుకు తొక్కుతా పోతే గేరు పెరుగుతుంది. పల్సర్‌లో ఒకటి కిందికి, మిగతావన్నీ పైకి. స్ప్లెండర్ అలవాటుతో పల్సర్ ఎక్కి, మూడోది వేద్దామని రెండో గేరులో కాలు కిందికి నొక్కితే ఒకటో గేరు పడి, వెనక చక్రం గుంజుకుంటుంది. అన్న బండి తమ్ముడికి ఇచ్చేటప్పుడు ఈ ఒక్క మాట చెప్పి ఇవ్వండి.

మా వరకు మేము ఇప్పుడు మైదానంలో ఎట్లా నేర్పుతున్నామో చెప్తాం. మొదటి రోజు ఇంజను స్టార్ట్ చెయ్యం. బండిమీద కూర్చోబెట్టి వెనకనుంచి తోస్తాం, "ఆపు" అంటాం. కుడిచెయ్యి, కుడికాలు కలిపి ఆపాలి. ఎడమచెయ్యి బిగిస్తే బండి ఆగదని ఆ నడక వేగంలోనే తెలిసొస్తుంది. ముప్పై సార్లు, నలభై సార్లు తోస్తాం. తోసేవాళ్ళకు నడుం నొప్పి, వేరే దారి లేదు. రెండో రోజు ఇంజను స్టార్ట్ చేసి, యాక్సిలేటర్ ముట్టకుండా, క్లచ్ మెల్లగా వదిలితే బండి ఎక్కడ కదులుతుందో అక్కడ చెయ్యి నిలపడం. బండిని నడిపించేది యాక్సిలేటర్ కాదు, ఈ చోటు. ఇది దొరికినాకే ఒకటో గేరు, రెండో గేరు.

ముందు బ్రేకు భయం పోగొట్టడానికి ఒక పూట అవుతుంది. ఆపేటప్పుడు బండి బరువంతా ముందు చక్రం మీదికి వంగుతుంది, అందుకే ఎక్కువ పట్టు అక్కడే దొరుకుతుంది. పడేది ముందు బ్రేకు వాడినందుకు కాదు, హ్యాండిల్ తిప్పి ఉన్నప్పుడో, మట్టిమీదో, గడ్డిమీదో దాన్ని ఒక్కసారిగా గుంజినందుకు. నిమ్మకాయ పిండినట్టు పిండమని చెప్తాం, మొదట మెల్లగా, తర్వాత గట్టిగా. ఇరవై వేగంలో నిటారుగా ఆపడం వచ్చినాక ముప్పై. దావమీదికి తీసుకుపోయేది ఆ తర్వాతే, అదీ లైసెన్సు ఉన్న పెద్దోళ్ళు వెనక కూర్చుని. స్నేహితున్ని ఎక్కించుకోవడం ఇప్పుడే కుదరదు.

అక్క కొడుకు రెండు ఆదివారాలుగా వస్తున్నాడు. మొదటి రోజు పన్నెండు సార్లు తోసినాం, తొమ్మిది సార్లు ఎడమచెయ్యే బిగించినాడు. వాడికే నవ్వొచ్చింది. పోయిన ఆదివారం రెండు సార్లు. ఇంకా రావాలనుకునేవాళ్ళు బూట్లు, హెల్మెట్, పొడుగు చేతుల చొక్కా తెచ్చుకోండి. ఆడపిల్లలకూ నేర్పుతున్నాం, మొహమాటం వద్దు. బండి లేకపోయినా పర్లేదు, మన దగ్గర ఒక పాత సుజుకి ఉంది, నిన్ననే క్లచ్ కేబుల్ మార్చినాం. తోసేదానికి మనుషులే తక్కువున్నారు.